వాంగ్మూలం చదవడం పిల్లలాటేనా?

మన సాహిత్య సభల్లో రాయని చట్టం ఒకటుంది. ఆడవాళ్లు ఇష్టంగా చదివేదంతా కాలక్షేపం. సీరియల్ నవలకు ఆ ముద్ర పడింది, డిటెక్టివ్ నవలకు పడింది, ఉత్తరాలకూ డైరీలకూ చాలాకాలం పడింది. స్త్రీవాద విమర్శ నలభై ఏళ్లుగా ఈ ముద్రలను ఒక్కొక్కటే గీకేస్తూ వస్తోంది. నేను మాట్లాడబోయే వస్తువు ఆ నిచ్చెన మీద ఇంకా కింది మెట్టున ఉంది. అది వీడియో గేమ్. అరచేతిలో ఇమిడే యంత్రం మీద ఆడే ఆట. ఆడుతున్నది పన్నెండేళ్ల పిల్లవాడు కాదు. సాహిత్యంలో డాక్టరేట్ చేసి, ముప్పై ఆరేళ్ల వయసులో, గెస్ట్ లెక్చరర్ ఉద్యోగం కోసం కరీంనగర్‌కూ ఆదిలాబాద్‌కూ మధ్య బస్సుల్లో తిరిగే నేను.

ఆట పేరు ఏస్ అటార్నీ. జపాన్‌లో క్యాప్‌కామ్ కంపెనీలో షూ తకుమి అనే ఆయన రాసి తయారుచేశాడు. 2001లో గేమ్ బాయ్ అడ్వాన్స్ మీద జపనీస్‌లో వచ్చింది. 2005లో నింటెండో డీఎస్ మీదికి, ఇంగ్లీషులోకి వచ్చింది. 2019లో మొదటి మూడు ఆటలూ కలిపి కొత్త యంత్రాల మీద మళ్లీ విడుదల చేశారు. నా దగ్గరున్నది పాత డీఎస్. అమెరికాలో ఉండే మా మేనత్త కూతురు, తన పిల్లలు వాడి వదిలేస్తే తెచ్చిచ్చింది. పుస్తకంలా రెండు రేకులుగా తెరుచుకుంటుంది. మూస్తే ఆట ఎక్కడిదక్కడ ఆగి నిద్రపోతుంది. కండక్టర్ వచ్చినప్పుడు టప్పున మూసి, ఆధార్ కార్డు చూపించి జీరో టికెట్ తీసుకుని, మళ్లీ తెరిస్తే సాక్షి బోనులో అదే వాక్యం దగ్గర నిలబడి ఉంటాడు.

ఇందులో తుపాకులు పేల్చడం, కార్లు పరిగెత్తించడం లేవు. చదవడమే ఆట. ఫీనిక్స్ రైట్ అని ఒక కుర్ర డిఫెన్స్ వకీలు, ఒక హత్య కేసు. సాక్షి వాంగ్మూలం నాలుగైదు వాక్యాలుగా తెర మీదికి వస్తుంది. ఏ వాక్యం దగ్గరైనా మనం రెండు పనులు చేయొచ్చు. ‘ప్రెస్’ నొక్కితే ఆ వాక్యాన్ని పట్టుకుని నిలదీస్తాం. ‘ప్రెజెంట్’ నొక్కితే మన దగ్గరున్న ఆధారాన్ని ఆ వాక్యానికి ఎదురుగా పెడతాం. మొదటి కేసులో ఒక సాక్షి మధ్యాహ్నం ఒంటిగంటకు శవాన్ని చూశానంటాడు. పోస్ట్‌మార్టం కాగితం ప్రకారం చావు నాలుగు దాటాక. నిలదీస్తే టీవీలో టైము విన్నానంటాడు. ఆ వేళ ఆ భవనంలో కరెంటే లేదని ఇంకో కాగితం చెబుతుంది. మళ్లీ మాట మారుస్తాడు. ఒక అబద్ధాన్ని నిలబెట్టడానికి ఇంకో అబద్ధం ఎలా పుడుతుందో వాక్యం వెంట వాక్యంగా చూడాలి. ఆధారం లేకుండా ‘అబ్జెక్షన్!’ అని అరిస్తే జడ్జి జరిమానా వేస్తాడు. మొదటి ఆటలో మనకు ఐదు ఆశ్చర్యార్థకాలు ఉంటాయి. తప్పుకొకటి చొప్పున పోతుంది. ఐదూ పోతే మన కక్షిదారు దోషి.

డీఎస్‌కు మైకు కూడా ఉంది. వేలితో నొక్కే బదులు నోటితోనే ‘అబ్జెక్షన్’ అని అరవొచ్చు. ఉట్నూరు మీదుగా పోయే బస్సులో ఒక ఆడమనిషి ఉన్నట్టుండి అలా అరిస్తే ఏమవుతుందో మీరే ఊహించుకోండి. నేను వేలితోనే సరిపెట్టుకుంటున్నాను.

కొన్నాళ్ల క్రితం ఒక విశ్వవిద్యాలయ సదస్సులో తెలుగు డిటెక్టివ్ నవల, దాని స్త్రీ పాఠకుల మీద పత్రం చదివాను. చివరి భాగంలో ఈ ఆట గురించి రాశాను. అధ్యక్షస్థానంలో ఉన్న పెద్దాయన చాలా ఆప్యాయంగా, “అమ్మా, పత్రం బాగుంది. ఆ చివరి పిల్లలాట ముక్క తీసేస్తే అచ్చుకు పనికొస్తుంది” అన్నారు. భోజనాల దగ్గర ఒక అభ్యుదయ మిత్రుడు ఇంకోవైపు నుంచి వచ్చాడు. “ఇది కార్పొరేట్ సంస్కృతి మేడం. ఇంద్రవెల్లి మీదుగా పోతూ జపాన్ బొమ్మలు చూసుకుంటారా?” అన్నాడు. ఇద్దరూ రెండు శిబిరాల వాళ్లు. ఒకరికొకరు నమస్కారం కూడా పెట్టుకోరు. కానీ ఆడది ఏం చదవాలో చెప్పే దగ్గర ఎంత చక్కగా కలిశారు!

పెద్దాయనకు ఒక మాట గుర్తు చేయాలి. డిటెక్టివ్ కథ మన భాషకు నిన్న మొన్న రాలేదు. ఇరవయ్యో శతాబ్దం తొలి దశాబ్దాల్లోనే పాంచ్‌కడి దే బెంగాలీ నవలలు తెలుగులోకి వచ్చి ఇళ్లల్లో దూరాయి. తర్వాత కొమ్మూరి సాంబశివరావు డిటెక్టివ్ యుగంధర్ తరాల పాఠకులను రాత్రుళ్లు మేలుకోబెట్టాడు. మీరు పీహెచ్‌డీ విద్యార్థులకు ఆధార గ్రంథంగా చూపించే సమగ్ర ఆంధ్ర సాహిత్యం రాసిన ఆరుద్ర స్వయంగా డిటెక్టివ్ నవలలు రాశాడు. ఆయన చేతికి అంటని మైల మా చేతులకు ఎలా అంటిందో చెప్పండి.

మా అమ్మ డిగ్రీ మధ్యలో ఆపేసి పెళ్లిచేసుకుంది. చేసుకుంది అనడం మర్యాదకు, చేశారు. 1980ల్లో కరీంనగర్‌లో అద్దె పుస్తకాల దుకాణం నుంచి కొమ్మూరి పుస్తకాలు తెప్పించుకుని చదివేది. మొన్న నా చేతిలో ఈ యంత్రం చూసి, ఏమాడుతున్నానో అడిగి, పూర్తిగా విని ఒక మాటంది. “సగం పుస్తకంల్నే నాకు ఎర్కయ్యేది బిడ్డా, వాడు అబద్ధమాడుతుండని. గని ఎవ్వలికి చెప్పాలె? యుగంధర్ చెప్పేదాక ఆగాలె గద.”

ఆ సదస్సులో రెండు రోజులు విన్న మాటల్లో ఇంత పదునైన మాట ఒక్కటీ లేదు. డిటెక్టివ్ నవల స్త్రీ పాఠకురాలికి ఒక తెలివినిచ్చింది. దాన్ని వాడే చోటు మాత్రం ఇవ్వలేదు. ఆమె పట్టుకున్న అబద్ధాన్ని చివరి అధ్యాయంలో ఒక మగ డిటెక్టివ్ గదినిండా మనుషుల్ని కూర్చోబెట్టుకుని బయటపెడతాడు. ఈ ఆటలో ఆ చివరి అధ్యాయం మన వేలి కింద ఉంటుంది. పట్టుకున్నామా కథ కదులుతుంది, పట్టుకోలేదా సాక్షి అదే నాలుగు వాక్యాలు ఎన్నిసార్లయినా చెబుతూ నిలబడతాడు. దీనికీ హద్దు ఉంది, కాదనను. ఒక్కోసారి నిజం మనకు ముందే తెలిసిపోతుంది. కానీ ఆటగాడు అనుకున్న కాగితాన్ని, అతను అనుకున్న వాక్యం దగ్గరే పెడితే తప్ప ఒప్పుకోదు. రాసినవాడి ఇరుకు అది. అయినా చదవడం అనే క్రియకు ఫలితం ఉండడం, మా అమ్మ అద్దె పుస్తకాల్లో దొరకని సుఖం.

ఇక మిత్రుడి ప్రశ్న. ఇంద్రవెల్లి మీదుగా పోతూ ఈ ఆట ఎందుకు? దానికి జవాబు పొడుగ్గా చెప్పాల్సి ఉంది. ముందు ఆ ‘ప్రెస్’ బటన్ సంగతి.

వాంగ్మూలాన్ని నిలదీయడం తెర మీద సరదాగా ఉంటుంది. మన కోర్టుల్లో అదే పని స్త్రీల మీద ఎలా జరిగిందో ఈ పత్రిక పాఠకులకు నేను చెప్పనక్కర్లేదు. 1972లో, ఆదిలాబాద్‌ను ఆనుకుని ఉన్న నాటి చంద్రపూర్ జిల్లాలో, దేశాయిగంజ్ పోలీస్ స్టేషన్‌లో మథుర అనే ఆదివాసీ బాలిక మీద ఇద్దరు పోలీసులు చేసిన అత్యాచారం కేసు తెలిసిందే. 1978లో సుప్రీంకోర్టు వాళ్లను విడుదల చేసింది. ఒంటి మీద గాయాల్లేవు కాబట్టి ఆమె మాట నిలవదంది. 1979లో నలుగురు న్యాయశాస్త్ర అధ్యాపకులు రాసిన బహిరంగ లేఖ ఆ తీర్పును వాక్యం వెంట వాక్యంగా నిలదీసింది. దాన్నుంచే దేశమంతా ఉద్యమం లేచింది, 1983లో చట్టం మారింది. అయినా అత్యాచార కేసుల్లో బాధితురాలి శీలం గురించి అడిగి ఆమె సాక్ష్యాన్ని కొట్టేయించే వీలు 2002 నాటి సవరణ దాకా సాక్ష్య చట్టంలో అచ్చయ్యే ఉంది.

కాబట్టి నాకీ ఆటలో అన్నిటికంటే విప్లవాత్మకంగా కనిపించేది ఆ ఐదు ఆశ్చర్యార్థకాలే. నవ్వకండి. మన కోర్టు బోనులో స్త్రీ నిలబడినప్పుడు, ఎదుటి వకీలుకు కూడా ఐదే ఇచ్చి చూడండి. “అంత రాత్రి అక్కడికి ఎందుకు వెళ్లావు?” దీనికి ఆధారమేది? ఒకటి పోయింది. “ఎందుకు అరవలేదు?” ఇంకొకటి పోయింది. “అంతకుముందు ఎవరితో తిరిగావు?” మూడోది. ఐదో ప్రశ్నకు ఆయన కక్షిదారు కేసు పోతుంది. నిలదీసే హక్కు ఉన్నవాడికి కాగితం చూపించే బాధ్యత కూడా ఉండాలనే నియమం ఒక బొమ్మలాటకు తట్టింది. మన న్యాయవ్యవస్థకు అది తట్టడానికి మథురలు కావలసివచ్చారు.

నిలదీయడానికి ఇంకో పద్ధతి కూడా ఉందని మన స్త్రీలే చూపించారు. స్త్రీశక్తి సంఘటన 1986లో తెచ్చిన ‘మనకు తెలియని మన చరిత్ర’ చదివినవాళ్లకు గుర్తుండే ఉంటుంది. తెలంగాణ సాయుధ పోరాటంలో పనిచేసిన స్త్రీల మాటలు వాళ్ల యాసలో, వాళ్ల తడబాట్లతో సహా అచ్చయిన పుస్తకం. అక్కడ అడిగేవాళ్లు అడుగుతారు, ఆగుతారు, మళ్లీ అడుగుతారు. చెప్పే స్త్రీని కూలదోయడం కోసం కాదు, ఆమె చెప్పని దాని దగ్గరికి వెళ్లడం కోసం. ఏస్ అటార్నీ ఆడుతుంటే ఈ తేడా నాకు మళ్లీ మళ్లీ కనిపించింది. అందులో కూడా ప్రెస్ నొక్కినప్పుడల్లా అబద్ధమే బయటపడదు. భయపడి మాట దాచినవాళ్లు బయటపడతారు, ఇంకెవరినో కాపాడబోయినవాళ్లు బయటపడతారు.

అలాగని ఈ ఆటను నెత్తిన పెట్టుకోను. స్త్రీల విషయంలో దాని బుద్ధి చాలాచోట్ల మన సినిమా బుద్ధే. మొదటి ఆటలో సాక్షిగా వచ్చే ఏప్రిల్ మే అనే స్త్రీని గీసిన తీరు చూస్తే యంత్రం మూసేయాలనిపిస్తుంది. అంతకంటే లోతైన గొడవ మియా ఫేది. ఫీనిక్స్‌కు వకీలు వృత్తి నేర్పిన గురువు ఆమె. తెలివైనది, ధైర్యమున్నది. రెండో కేసుకల్లా ఆమెను చంపేశారు. చంపి ఊరుకోలేదు. ఆమె చెల్లెలు మాయాకు చనిపోయినవాళ్లు పూనే విద్య ఉంది కాబట్టి, కుర్ర వకీలు చిక్కుల్లో పడినప్పుడల్లా మియా చెల్లెలి ఒంట్లోకి వచ్చి దారి చూపిస్తుంది. బతికున్నప్పుడు కోర్టులో నిలబడాల్సిన స్త్రీ చచ్చాక మగవాడి చెవిలో ఊదాలి. దానికి ఇంకో ఆడపిల్ల ఒళ్లు అరువివ్వాలి.

జపాన్ వాడి ఊహ అని నవ్వుకోవడానికి మనకు వీలులేదు. మన కరీంనగర్ పల్లెల్లో శివసత్తులను చూసి పెరిగినవాళ్లం. ఇంట్లో నోరెత్తని స్త్రీ జాతరలో పూనకం వస్తే ఊరి పెద్దను పేరుపెట్టి పిలిచి నిలదీస్తుంది, ఊరంతా దండం పెట్టి వింటుంది. పూనకం దిగాక ఆమె మాట మళ్లీ ఎవరికీ పట్టదు. మాయా తల్లి మిస్టీ ఫే కథ ఇంకా మనది. కథకు పదిహేనేళ్ల ముందు పోలీసులే ఆమెను పిలిచి ఒక హతుడి ఆత్మను రప్పించి అడిగారు. ఆ ఆత్మ ఒకతని పేరు చెప్పింది. అతను నిర్దోషి అని కోర్టు వదిలేసింది. చెప్పింది చచ్చిపోయిన మగవాడు, పిలిపించింది పోలీసులు. మోసగత్తె అని పేరుపడి, పిల్లల్ని వదిలి మాయమైపోయింది మాత్రం మిస్టీ. చేతబడి చేస్తుందని ఒక ఒంటరి ముసలమ్మ మీద ఊరు విరుచుకుపడడం కరీంనగర్, ఆదిలాబాద్ జిల్లాల వాళ్లకు వార్త కూడా కాదు. ఆ కళ్లతో ఈ భాగం ఆడితే ఆట రచయిత ఉద్దేశించనిది కూడా కనబడుతుంది. జపాన్‌లో అందరూ స్త్రీలే నటించే తకరజుకా నాటక సంస్థ 2009లో దీన్ని సంగీత నాటకంగా వేసింది. వకీలూ, ప్రాసిక్యూటరూ అందరూ ఆడవాళ్లే. అది చూడాలని నాకు చాలా కోరిక.

ఇప్పుడు ఇంద్రవెల్లికి వస్తాను. 1981 ఏప్రిల్ 20న సభకు వచ్చిన గోండుల మీద పోలీసులు కాల్పులు జరిపారు. ప్రభుత్వం 13 మంది చనిపోయారంది. చుట్టుపక్కల గూడేల్లో ఆ లెక్కను నమ్మేవాళ్లు నాకు కనబడలేదు. నేను పుట్టి పెరిగిన కరీంనగర్ జిల్లాలో జగిత్యాల, సిరిసిల్ల తాలూకాలను 1978లోనే కల్లోలిత ప్రాంతాలుగా ప్రకటించారు. మా తరం పిల్లలం 1990ల్లో చదవడం నేర్చుకున్నదే ‘ఎదురుకాల్పులు’ అనే శీర్షికల మీద. ఆ వార్త ఒక సాహిత్య ప్రక్రియ. పాత్రలు మారతాయి, ఊరు మారుతుంది, కథనం మారదు. పోలీసులు గాలిస్తుండగా అవతలివైపు నుంచి కాల్పులు, ఆత్మరక్షణ కోసం ఎదురుకాల్పులు, తెల్లారి చూస్తే శవాలు. అగాథా క్రిస్టీ 1926లో రాసిన నవల ఒకదాంట్లో కథ చెబుతున్న మనిషే హంతకుడు. పేరు చెప్పను, చదవనివాళ్లుంటారు. ఆ నవలను ఇన్నేళ్లుగా ప్రపంచం మెచ్చుకుంటోంది. మన జిల్లా పేజీల్లో అదే ఎత్తుగడ ఎన్నిసార్లు వచ్చినా, కథకుడి మీద అనుమానం రావాలని మాకు బడిలో ఎవరూ చెప్పలేదు.

2019 నవంబర్ చివర్లో కొద్ది రోజుల తేడాతో రెండు దారుణాలు జరిగాయి. నవంబర్ 24న ఆసిఫాబాద్ జిల్లా లింగాపూర్ మండలంలో, ఊరూరూ తిరిగి సామాన్లు అమ్ముకుని బతికే దళిత స్త్రీ మీద అత్యాచారం చేసి చంపారు. సమత అని ఆమెకు పేరు పెట్టారు. 27న శంషాబాద్ దగ్గర యువ వైద్యురాలి మీద జరిగింది. ఆమెను దిశ అన్నారు. దిశ కేసులో నలుగురు నిందితులను డిసెంబర్ 6 తెల్లవారుజామున పోలీసులు చంపారు. తుపాకులు లాక్కుని కాల్చబోయారని చెప్పారు. పోలీసుల మీద జనం పూలు చల్లారు. బస్సుల్లోంచి కాలేజీ ఆడపిల్లలు కేరింతలు కొట్టారు. అదేరోజు హైకోర్టు తలుపు తట్టిన కొద్దిమంది మహిళా కార్యకర్తలు ఎన్ని తిట్లు తిన్నారో మనకు తెలుసు. సుప్రీంకోర్టు నియమించిన సిర్పూర్కర్ కమిషన్ నివేదిక 2022 మేలో బయటికొచ్చింది. తుపాకులు లాక్కున్నారన్న కథ నమ్మేలా లేదని, చంపాలనే కాల్చారని, పదిమంది పోలీసుల మీద హత్యానేరం విచారించాలని తేల్చింది.

సమత కేసు ఆదిలాబాద్ ప్రత్యేక కోర్టులో నడిచింది. నిందితుల తరఫున నిలబడడానికి అక్కడి వకీళ్లు ముందుకు రాలేదు. కోర్టే ఒకరిని నియమించాల్సి వచ్చింది. సాక్షులు వచ్చారు, ప్రశ్నలు జరిగాయి, 2020 జనవరి 30న ముగ్గురికీ శిక్ష పడింది. పడింది మరణశిక్ష. దాన్ని నేను ఒప్పుకోను, అది వేరే వ్యాసం. కానీ ఒక దళిత స్త్రీ మరణం గురించి సాక్ష్యం మొదలునుంచి చివరిదాకా ఒక గదిలో వినబడింది. రెండు నెలలు పట్టింది. దిశకు ఆ వినికిడి దక్కలేదు. ఆమెకు ఏం జరిగిందో కోర్టులో ప్రశ్నకు నిలిచిన వాక్యం ఒక్కటీ లేదు. న్యాయం జరిగిందని పూలు చల్లినవాళ్లు ఆమె కేసు ఫైలు మీద కూడా చల్లేశారు.

ఎవరూ ఇష్టపడని నిందితుడి పక్కన నిలబడి, వాక్యాన్ని ఆపి “ఇది ఎలా కుదురుతుంది?” అని అడగడం ఎంత అవసరమో ఏ రాజకీయ పాఠశాలా చెప్పనంత తేలిగ్గా ఈ ఆట చెబుతుంది. దాని ఊహాలోకంలో విచారణ మూడు రోజుల్లో ముగించాలి, నిందితుడే తన అమాయకత్వం రుజువు చేసుకోవాలి. జపాన్‌లో కోర్టుకెక్కిన కేసుల్లో తొంభై తొమ్మిది శాతానికి పైగా శిక్షలే పడతాయన్నది తెలిస్తే ఆ వ్యంగ్యం అర్థమవుతుంది. అంత హడావిడి లోకంలో కూడా సాక్షి చెప్పింది వినకుండా ఎవరినీ చంపరు. మిత్రమా, అందుకే ఇంద్రవెల్లి మీదుగా పోతూ ఆడుతున్నాను.

కార్పొరేట్ సంగతి నాకు తెలియదనుకోవద్దు. ఈ యంత్రం అమెరికా బంధువు లేకపోతే నా చేతికి వచ్చేది కాదు. ఆట ఇంగ్లీషు, ఫ్రెంచి, జర్మన్, కొరియన్, చైనీస్ భాషల్లో ఉంది, తెలుగులో లేదు. నా విద్యార్థినుల్లో చాలామంది ఈ ఇంగ్లీషును చదవలేరు. చదవగలిగినవాళ్లకు ఐదు గంటల బస్సు ప్రయాణంలో చేతులు ఖాళీగా ఉండే స్థితి ఇంట్లో ఎప్పుడూ ఉండదు. అయితే దానికి మందు ఆటను వెక్కిరించడమా, ఆ పద్ధతిని మన భాషలోకి తెచ్చుకోవడమా?

యంత్రం లేకుండానే ఒక ప్రయత్నం చేశాను. డిగ్రీ రెండో ఏడాది వాళ్లకు ఒక పాత ఎన్‌కౌంటర్ వార్తను ఏడు వాక్యాలుగా విడగొట్టి, నంబర్లు వేసి, జిరాక్స్ తీసి ఇచ్చాను. ఏ వాక్యం దగ్గర ఆపుతారు, ఏం అడుగుతారు, ఏ కాగితం కావాలంటారు, ఇంతే. అబ్బాయిలు ముందు ఎవరు దొంగో తేల్చేశారు. ఉట్నూరు దిక్కు నుంచి వచ్చే ఒకమ్మాయి, తరగతిలో ఎప్పుడూ వెనక బెంచీలో కూర్చునేది, నాలుగో వాక్యం కింద గీత గీసి లేచింది. “మేడం, వాళ్లను అప్పటికే పట్టుకున్నరని రెండోదాంట్ల ఉన్నది. మరి గప్పుడు చేతులకు బేడీలు ఉన్నయా, లేవా? అది ఎవ్వలూ రాయలే.” ఆ తర్వాత గంట కొట్టేదాకా ఎవరూ దొంగ గురించి మాట్లాడలేదు.

సిలబస్‌లో లేని పాఠం చెబుతున్నానని పైనుంచి ఒక మాట వచ్చింది. ఆ జిరాక్సులు ప్రస్తుతానికి నా సంచీలో ఉన్నాయి. బస్సులో ఇప్పుడు డీఎస్‌తో పాటు ఒక నోట్‌బుక్కు కూడా పెట్టుకుంటున్నాను. 1979 నాటి ఆ బహిరంగ లేఖను, మా పిల్లలు చదవగలిగే తెలుగులో, వాక్యానికొక నంబరు వేసి రాస్తున్నాను. మొన్న జన్నారం దాటేసరికి పదకొండో నంబరు అయింది.